గ్రామఫోను రికార్డు ఒక చారిత్రక ఆధారం: మొదటి ప్లేయరులో శబ్ద లోపాలను గుర్తించడం

1.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
- గ్రామఫోను రికార్డులు మన ప్రాంతానికి ఎలా చేరాయో వివరించగలుగుతారు.
- రికార్డు వినేటప్పుడు ఎదురయ్యే శబ్ద లోపాలు రికార్డువా, ప్లేయరువా అని తేల్చగలుగుతారు.
- శబ్ద ఆధారానికి బాహ్య విమర్శ, అంతర విమర్శ సూత్రాలను అన్వయించగలుగుతారు.
- పాత రికార్డులు పాడవకుండా వినే జాగ్రత్తలు పాటించగలుగుతారు.

1.1 ప్రస్తావన

శాసనం, తాళపత్రం, నాణెం, దస్తావేజు వంటి ఆధారాలను ఎలా పరీక్షించాలో ముందు పాఠాలలో చదివారు. ఈ పాఠంలో మన ముందున్న ఆధారం గ్రామఫోను రికార్డు. దీన్ని కళ్ళతో చదవలేం. మధ్యలో ఒక యంత్రం కావాలి. చిక్కంతా అక్కడే ఉంది.

మీరు జోగులాంబ గద్వాల జిల్లా అయిజలో ఉంటున్నారనుకోండి. అటక మీది రేకు పెట్టెలో మీ తాత కొన్న నల్లటి ప్లేట్లు నాలుగైదు దొరికాయి. కర్నూలులో పాత సామాన్ల దుకాణంలో ఒక రికార్డు ప్లేయరు కొని తెచ్చారు. మీ జీవితంలో అదే మొదటి ప్లేయరు. ప్లేటు పెట్టి ముల్లు దించారు. పౌరాణిక నాటకంలోని పద్యం మొదలైంది. కాని గొంతు కీచుగా ఉంది, పద్యం పరుగు తీస్తోంది, వెనక వేపుడు మూకుడు చిటపటలాడినట్లు ఒకటే చప్పుడు.

ఇప్పుడు మీరు రెండు తప్పులలో ఏదో ఒకటి చేసే అవకాశం ఉంది. ఒకటి, 'పాత ప్లేట్లు, పాడైపోయాయి' అని వాటిని పారేయడం. రెండు, విన్నదాన్ని విన్నట్లే నమ్మి, 'ఆ కాలపు నటులు చాలా హెచ్చు శ్రుతిలో, వేగంగా పద్యాలు పాడేవారు' అని మీ అసైన్‌మెంటులో రాయడం. మొదటి తప్పు ఆధారాన్ని పోగొడుతుంది. రెండోది లేని చరిత్రను సృష్టిస్తుంది. నిజానికి అక్కడ రికార్డు పాడై ఉండకపోవచ్చు, నటుడు కీచుగా పాడి ఉండకపోవచ్చు. వేగం మీటా తప్పుగా ఉండవచ్చు, ముల్లు తప్పుడుదై ఉండవచ్చు.

కాబట్టి ఈ పాఠంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఇది: రికార్డును సరిగా వినాలంటే అది ఎప్పుడు, ఎలా తయారైందో తెలియాలి. శబ్ద లోపాన్ని సరిచేయడానికి ఉపయోగపడే జ్ఞానం చాలావరకు చరిత్ర జ్ఞానమే.

1.2 రికార్డు నడిగడ్డకు చేరిన దారి

థామస్ ఆల్వా ఎడిసన్ 1877లో శబ్దాన్ని నమోదు చేసి తిరిగి వినిపించే ఫోనోగ్రాఫును తయారుచేశాడు. అందులో శబ్దం గొట్టం ఆకారపు స్తంభం మీద నమోదయ్యేది. 1887లో ఎమిలీ బెర్లినర్ చదునైన పళ్ళెం మీద గాడి గీసే పద్ధతికి పేటెంటు పొందాడు. దానికి ఆయన పెట్టిన పేరు గ్రామఫోను. స్తంభం కంటే పళ్ళేన్ని అచ్చు వేయడం తేలిక. ఒక అచ్చు నుంచి వందల ప్రతులు తీయవచ్చు. గ్రామఫోను వ్యాపారంగా ఎదగడానికి ఇదే ముఖ్య కారణం.

గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో రికార్డింగులు చేశాడు. అప్పుడు రికార్డయిన వారిలో ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ ఉన్నారు. ఆ తొలి రికార్డుల చివర గాయని తన పేరును ఇంగ్లీషులో చెప్పడం వినిపిస్తుంది. అప్పట్లో ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి ఓడ మీద తిరిగివచ్చేవి. ఎవరి పాట ఏదో అక్కడి పనివారు గుర్తించడానికి ఈ ప్రకటన తోడ్పడేది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం మొదలయ్యాక ప్లేట్లు మన దేశంలోనే తయారుకాసాగాయి. వాటికి ప్రధాన ముడిసరుకైన లక్క కూడా మన అడవులదే. లక్క పురుగు స్రవించే జిగురు నుంచి తీసిన షెల్లాక్‌కు రాతిపొడి వంటివి కలిపి ఈ ప్లేట్లు చేసేవారు.

తెలుగు రికార్డులకు మద్రాసు ముఖ్య కేంద్రమైంది. పౌరాణిక నాటక పద్యాలకు ఎంతో ఆదరణ ఉండేది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు రంగస్థలం మీద ఎంత ప్రచారం పొందాయో రికార్డుల ద్వారా కూడా అంత ప్రచారం పొందాయి. ఈ జంటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలను దర్శించినవారే. 'విద్వద్గద్వాల'గా పేరుపొందిన సంస్థానంలో పండితుల సభలో మన్నన పొందిన కవుల పద్యం, తరవాత మామూలు ఇంటి అరుగు మీద యంత్రం నోట వినిపించింది. సభకు పిలుపు లేనివారు కూడా వినగలిగారు. గ్రామఫోను తెచ్చిన సామాజిక మార్పుకు ఇది మంచి ఉదాహరణ.

అయిజ ఉన్న ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. 1948 వరకు ఇది నిజాం పాలనలో ఉంది. పక్కనే ఉన్న రాయచూరు కూడా అదే రాజ్యంలో ఉండి, 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. తుంగభద్ర దాటితే కర్నూలు, అంటే 1953 వరకు మద్రాసు రాష్ట్రం. కనుక ఇక్కడి ఒక ఇంట్లో తెలుగు పద్యం, కన్నడ పాట, ఉర్దూ గజల్ ఒకే పెట్టెలో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. అట్టకవరు మీద అమ్మిన దుకాణం ముద్ర ఉంటే జాగ్రత్తగా రాసుకోండి. ఆ ప్లేటు ఏ ఊరి బజారు నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే.

చేతితో కీ తిప్పే గ్రామఫోనుకు కరెంటు అక్కరలేదు. కరెంటు రాని పల్లెలో కూడా పాట వినిపించగలగడం దాని బలం. కరెంటు వచ్చాక మైకుసెట్లు వచ్చాయి. పెళ్ళిళ్ళలో, జాతరలలో రికార్డు వేస్తే ఊరంతా వినేది. విదేశాలలో 1950 దశకం చివరికి 78 వేగపు ప్లేట్ల కాలం దాదాపు ముగిసింది. మన దేశంలో మాత్రం 1960 దశకం చివరిదాకా అవి వెలువడ్డాయి. బీటిల్స్ బృందం పాటలు కూడా ఇక్కడ 78 ప్లేట్లుగా వచ్చాయి. పాత యంత్రాలు ఇంకా ఇళ్ళలో పనిచేస్తుండటమే దీనికి ముఖ్య కారణం. అందువల్ల మన ఇళ్ళలో దొరికే పెట్టెలలో రెండు మూడు కాలాల ప్లేట్లు కలిసి ఉంటాయి. మొదటి ప్లేయరు కొన్నవారికి ఎదురయ్యే సమస్యలలో సగం ఈ కలగలుపు వల్లనే వస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - I
1. స్తంభం కంటే పళ్ళెం వ్యాపారానికి ఎందుకు అనుకూలించింది?
2. తొలి రికార్డుల చివర గాయకులు తమ పేరు చెప్పడానికి కారణమేమి?

1.3 వేగం: గొంతు మారిపోయినప్పుడు

గొంతు కీచుగానో, బొంగురుగానో ఉంటే ముందు చూడవలసింది వేగం. నిమిషానికి ఎన్ని చుట్లు అన్నది రికార్డు వేగం. మీకు సాధారణంగా దొరికేవి మూడు: 78, 45, 33⅓. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో 33⅓ వేగపు ఎల్.పి.ని, 1949లో ఆర్.సి.ఎ. విక్టర్ 45 వేగపు చిన్న ప్లేటును విడుదల చేశాయి. 33⅓ ప్లేటును 45లో వేస్తే శ్రుతి 1.35 రెట్లవుతుంది. సంగీత పరిభాషలో చెప్పాలంటే షడ్జమం కాస్త ఎక్కువగా శుద్ధ మధ్యమం దాకా జరుగుతుంది. మీటా సరిచేస్తే సరిపోతుంది.

అసలు చిక్కు 78 అని మనం పిలిచే ప్లేట్లతోనే వస్తుంది. తొలి దశాబ్దాల ప్లేట్లన్నీ 78లో రికార్డయినవి కావు. బరువు కిందికి దిగుతుంటే తిరిగే యంత్రాల మీద రికార్డు చేసిన ఆ రోజుల్లో వేగం దాదాపు 70 నుంచి 80 పైదాకా మారుతూ ఉండేది. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చి స్థిరపడిన తరవాతనే 78 ప్రమాణంగా కుదిరింది.

ఒక లెక్క చూడండి. 72 వేగంతో రికార్డు చేసిన పద్యం నిడివి 3 నిమిషాల 15 సెకండ్లు అనుకుందాం. దాన్ని 78లో వేస్తే సరిగ్గా 3 నిమిషాలలో అయిపోతుంది. శ్రుతి 1.08 రెట్లకు పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడిన నటుడు ఒకటిన్నర దాటి పాడినట్లు వినిపిస్తాడు. తేడా మరీ పెద్దది కాదు కనుక లోపమని మనకు తట్టదు. మనల్ని మోసం చేసేది ఇలాంటి చిన్న తేడానే.

మరి అసలు వేగం తెలుసుకోవడం ఎలా? రెండు సాక్ష్యాలు తోడ్పడతాయి. ఒకటి మాట. పాట కంటే మామూలు మాటలో అసహజత్వం తొందరగా పట్టుబడుతుంది. ప్లేటు చివర పేరు చెప్పినా, నాటకంలో వచన సంభాషణ ఉన్నా ఆ భాగాన్నే మళ్ళీ మళ్ళీ వినండి. రెండోది హార్మోనియం. దాని మెట్లు స్థిరంగా ఉంటాయి. రికార్డులోని హార్మోనియం శ్రుతి మీ దగ్గరున్న హార్మోనియంలో ఏ మెట్టుకూ కలవకుండా రెండు మెట్ల మధ్య పడితే వేగాన్ని అనుమానించాలి. పాత హార్మోనియంల శ్రుతిలో తేడాలు ఉంటాయి కనుక దీన్ని ఒక్కదాన్నే రుజువుగా తీసుకోరాదు. రెండు సాక్ష్యాలూ కలిస్తే నమ్మకం పెరుగుతుంది.

ప్లేయరు సరైన వేగంతో తిరుగుతోందా అన్నది వేరే ప్రశ్న. పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ప్లేటు వేసి ముల్లు దించిన స్థితిలోనే గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టండి. 33⅓ వేగంలో 3 నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు రావాలి. 45 వేగంలో 2 నిమిషాలకు 90 రావాలి. తక్కువ వస్తే ఎలక్ట్రిక్ ప్లేయరులో రబ్బరు బెల్టు సాగి ఉండవచ్చు, లేదా రబ్బరు చక్రం గట్టిపడి జారుతుండవచ్చు. కీ ఇచ్చే గ్రామఫోనులో ప్లేటు చివరికి వచ్చేసరికి శ్రుతి దిగజారుతుంటే ప్రతి వైపుకు ముందు పూర్తిగా కీ ఇవ్వండి. అయినా దిగజారితే లోపలి గ్రీజు గట్టిపడి ఉంటుంది. స్ప్రింగు డబ్బాను మీరు విప్పవద్దు. బిగుసుకున్న స్ప్రింగు ఒక్కసారి విడివడితే చేతులకు గాయమవుతుంది.

అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన ప్లేయరు విషయంలో మరో మెలిక ఉంది. అక్కడి కరెంటు సుమారు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా కలిపితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజి తగ్గుతుంది గాని హెర్ట్జ్ మారదు. ఎ.సి. మోటారు వేగం హెర్ట్జ్ మీద ఆధారపడుతుంది కనుక ఆ పాత ప్లేయరు ఇక్కడ ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది. 33⅓ బదులు సుమారు 28 చుట్లే వస్తాయి. ఘంటసాల గొంతు కూడా గుర్తుపట్టరానంత బరువెక్కుతుంది. డి.సి. మోటారు ప్లేయర్లకు ఈ బాధ లేదు.

1.4 ముల్లు, గాడి: చిటపటలు, గరగరలు

78 ప్లేటు గాడి వెడల్పు సుమారు 150 మైక్రాన్లు. ఎల్.పి. గాడి అందులో సగం కూడా ఉండదు. అందుకే రెండింటికీ వేరు వేరు ముళ్ళు కావాలి. 78 ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు, ఎల్.పి. ముల్లుది 18 నుంచి 25. ఎల్.పి. ముల్లుతో 78 ప్లేటు వేస్తే అది గాడి గోడలను తాకకుండా అడుగున పడి, అక్కడి దుమ్మునూ గరుకునూ దున్నుకుంటూ పోతుంది. పాట పలచబడి, చప్పుడు పెరుగుతుంది. 'ప్లేటు అరిగిపోయింది' అని మనం తీర్పు చెప్పే సందర్భాలలో చాలావాటికి కారణం ఇదే. 1960, 70 దశకాల సూట్‌కేసు ప్లేయర్లలో చాలావాటికి ముల్లు దగ్గర చిన్న మీట ఉంటుంది. దాన్ని తిప్పితే 78 ముల్లు ఒకవైపు, ఎల్.పి. ముల్లు మరోవైపు వస్తాయి. ముందు ఆ మీట చూడండి.

దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదకరం. కీ ఇచ్చే పాత గ్రామఫోనులో సౌండుబాక్సు బరువు 100 గ్రాములకు పైనే ఉంటుంది. దానికి ఉక్కు ముల్లు. మెత్తని వినైల్ ఎల్.పి.ని దాని మీద వేస్తే ఒక్కసారికే గాడి చెడిపోతుంది. ఆధునిక ప్లేయరు ముల్లు బరువు 2 గ్రాముల దరిదాపుల్లో ఉంటుందని గుర్తుంచుకుంటే తేడా అర్థమవుతుంది. ఉక్కు ముల్లును ప్లేటు ఒక్కో వైపుకు ఒక్కోటి చొప్పున మార్చాలి. లక్క ప్లేటులోని రాతిపొడి ముల్లును అరగదీస్తుంది. అరిగిన ముల్లు తరవాతి ప్లేటు గాడిని కోస్తుంది. ముల్లు పొదుపు చేసిన ఇంటి ప్లేట్లలో గరగర ఎక్కువ. అదీ ఒక చారిత్రక సమాచారమే: అరుగుదల ఎక్కువ ఉన్న వైపు ఆ ఇంటివారు ఎక్కువసార్లు విన్న వైపు కావచ్చు.

శుభ్రం చేసేటప్పుడు ఈ ఒక్క సంగతి మరచిపోవద్దు. లక్క ప్లేటుకు స్పిరిటు గాని, ఆల్కహాలు కలిసిన ద్రవం గాని తగలరాదు. ఆల్కహాలులో లక్క కరుగుతుంది. ఎల్.పి. కోసం అమ్మే శుభ్రపరచే ద్రవాలలో అది ఉండవచ్చు. లక్క ప్లేటును మెత్తని కుంచెతో గాడి వెంట తుడవండి. అవసరమైతే కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. కాగితపు లేబులును తడపవద్దు. దాని మీది సంఖ్యలే ప్లేటు కాలాన్ని తేల్చే మొదటి ఆధారాలు.

ఎల్.పి. చివరి పాటలో 'స', 'శ' వంటి అక్షరాలు చీరినట్లు వినిపించడం కొత్తవారికి తరచు ఎదురవుతుంది. ప్లేటు ఒకే వేగంతో తిరిగినా, అంచున గాడి ముల్లు కింద సెకండుకు సుమారు 50 సెంటీమీటర్లు జరిగితే, లోపలి చుట్టు దగ్గర 20 సెంటీమీటర్లే జరుగుతుంది. అదే శబ్దాన్ని అంత తక్కువ చోటులో ఇమడ్చాలి. కొంత లోపం ఆ పద్ధతిలోనే ఉంది. ముల్లు శుభ్రంగా ఉంటే, సరిగా అమర్చి ఉంటే అది తగ్గుతుంది.

1.5 పలచని శబ్దం, మౌనం, గుంయిమనే మోత

ప్లేయరును ఇంట్లో ఉన్న యాంప్లిఫయరుకు కలిపితే శబ్దం చాలా సన్నగా, అడుగు ధ్వని లేకుండా వస్తోందా? మాగ్నెటిక్ కార్ట్రిడ్జి ఇచ్చే సంకేతం కొద్ది మిల్లీవోల్టులే. మామూలు ఇన్‌పుట్‌కు వందల మిల్లీవోల్టులు కావాలి. మధ్యలో ఫోనో ప్రీయాంప్లిఫయరు అవసరం. అది శబ్దాన్ని పెంచడమే కాదు, మరో పని కూడా చేస్తుంది. గాడిలో మంద్రధ్వనులను ఉన్నవి ఉన్నట్లు గీస్తే గాడి మరీ వెడల్పవుతుంది. అందుకని రికార్డు చేసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచుతారు. వినేటప్పుడు ప్రీయాంప్లిఫయరు దాన్ని తిరగవేస్తుంది. ఈ కొలతకు 1954లో ఆర్.ఐ.ఎ.ఎ. ప్రమాణం ఏర్పడింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. కాబట్టి 1954కు ముందటి ప్లేటు ఈనాటి పరికరంలో మరీ బొంగురుగానో, మరీ పదునుగానో వినిపిస్తే గాయకుడిని తప్పుపట్టవద్దు. బాస్, ట్రెబుల్ మీటలు కొంచెం సర్ది వినండి. ఎలా సర్దారో నోట్సులో రాసుకోండి. సూట్‌కేసు ప్లేయర్లలో తరచు ఉండే సెరామిక్ కార్ట్రిడ్జి ఎక్కువ వోల్టేజి ఇస్తుంది కనుక దానికి ప్రీయాంప్లిఫయరు అక్కరలేదు.

పాట వెనక గుంయిమని ఆగని మోత ఉంటే అది కరెంటు మోత. ప్లేయరు నుంచి వచ్చే సన్నని ఎర్తు తీగను యాంప్లిఫయరు మీది స్క్రూకు బిగించారా చూడండి. ఇంటి ప్లగ్గులో ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియనుతో పరీక్ష చేయించండి. శబ్దం పెంచినకొద్దీ ఊళ పెడితే, ప్లేయరూ స్పీకరూ ఒకే బల్ల మీద ఉన్నాయన్నమాట. స్పీకరు అదురు ముల్లుకు చేరి మళ్ళీ స్పీకరుకు వస్తుంది. వాటిని వేరుచేయండి.

ముల్లు జారిపోతున్నా, ఒకేచోట తిరుగుతున్నా దాని మీద నాణెం పెట్టడం చాలామందికి తెలిసిన చిట్కా. దయచేసి అలా చేయవద్దు. బల్ల సమతలంగా ఉందా, ముల్లు మొనకు దుమ్ముపోగు అంటుకుందా, బరువు తయారీదారు చెప్పినంత ఉందా చూడండి.

1.6 లోపం ఎక్కడుంది? పరీక్షా క్రమం

పత్రాన్ని పరీక్షించేటప్పుడు 'ఇది అసలుదా, నకలుదా, నకలు రాసినవాడు తప్పు చేశాడా' అని వరసగా అడుగుతాం. ఇక్కడా అంతే. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఫలితం రాసుకోండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

(అ) ప్లేటు మార్చండి. లోపం ఒక్క ప్లేటులోనే ఉంటే అది ప్లేటుది. అన్ని ప్లేట్లలో ఉంటే పరికరానిది.

(ఆ) లోపం చుట్టుకు ఒకసారి వస్తోందా గమనించండి. శ్రుతి ఊగిసలాట 33⅓లో ప్రతి 1.8 సెకండ్లకు, 78లో సెకండులో మూడువంతులకు పైగా కాలానికి ఒకసారి వస్తే అది చుట్టుకు ఒకసారి వస్తున్నట్లు. అది ఒక్క ప్లేటుకే పరిమితమైతే దాని మధ్య రంధ్రం పక్కకు ఉంది, లేదా ప్లేటు వంగింది. నడిగడ్డ ఎండలకు వినైల్ ప్లేటు తేలికగా వంగుతుంది. అటక మీద పడుకోబెట్టక, చల్లని చోట నిలబెట్టి ఉంచండి.

(ఇ) ఒక స్పీకరే పలుకుతుంటే ఎడమ, కుడి తీగలను యాంప్లిఫయరు దగ్గర మార్చి కలపండి. మౌనం రెండో స్పీకరుకు మారితే లోపం ప్లేయరు వైపుది. మారకపోతే యాంప్లిఫయరుది గాని, స్పీకరుది గాని. ప్లేయరు వైపుదైతే ముల్లు తలలోని నాలుగు సన్నని తీగలను చూడండి. తెలుపు, నీలం ఎడమకు, ఎరుపు, ఆకుపచ్చ కుడికి. ఇవి వదులైతే ఒకవైపు మౌనం వస్తుంది.

(ఈ) 78 ప్లేటులో రెండు వైపుల వేరు వేరు శబ్దాలు లేవు. యాంప్లిఫయరుకు మోనో మీట ఉంటే వేయండి. గాడిలో నిలువుగా పుట్టే చప్పుడు చాలావరకు తగ్గుతుంది. మోనో వేయగానే గొంతే మాయమైతే, ముల్లు తల తీగలలో ఒక జత తారుమారైందని అర్థం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - II
1. ఒకసారికి ఒక్క మార్పే ఎందుకు చేయాలి?
2. తీగలు మార్చి కలిపినప్పుడు మౌనం రెండో స్పీకరుకు మారితే ఏమి తేలుతుంది?

1.7 సరిచేయరాని లోపాలు

ప్లేయరును పూర్తిగా చక్కదిద్దిన తరవాత కూడా కొన్ని లోపాలు మిగులుతాయి. అవి ఆధారంలోనే ఉన్న పరిమితులు. వాటిని సరిచేయలేం, అర్థం చేసుకోవాలి.

1925కు ముందు రికార్డింగుకు సాధారణంగా మైక్రోఫోను వాడేవారు కాదు. గాయకుడు పెద్ద కొమ్ముబూరలోకి పాడితే, ఆ అదురుతోనే గాడి తెగేది. ఆ పద్ధతిలో సుమారు 200 నుంచి 2,000 హెర్ట్జ్ వరకే శబ్దం బాగా నమోదయ్యేది. మృదంగం ఎడమవైపు మంద్రధ్వని అందులో దాదాపు పడదు. ఆ ప్లేటు విని 'అప్పట్లో మృదంగం బలహీనంగా వాయించేవారు' అని రాయడం తప్పు. వాయించారు, కొమ్ముబూర పట్టలేకపోయింది. సాక్ష్యం లేకపోవడం, విషయం లేకపోవడం ఒకటి కాదని శాసనాల పాఠంలో చదివిన సూత్రమే ఇది.

నిడివి మరో పరిమితి. పది అంగుళాల 78 ప్లేటు ఒక వైపు సుమారు 3 నిమిషాలే. రంగస్థలం మీద 'వన్స్‌మోర్' కేకల మధ్య రాగం తీసి సాగదీసిన పద్యాన్ని ఆ కొద్దిసేపటిలో ముగించాలి. రాగాలాపన కుదించక తప్పదు. రికార్డులో విన్న పద్యం రంగస్థలం మీది పద్యానికి నకలు కాదు, ప్లేటు కోసం మలచిన రూపం. అయితే తరవాతి తరం నటులు చాలామంది ఆ ప్లేట్లు వినే పద్యం నేర్చుకున్నారు. అలా ప్లేటు పెట్టిన హద్దు రంగస్థలం మీది అలవాటుగా మారే వీలు కలిగింది. పరిమితి కూడా చరిత్రను నడిపిస్తుందని దీనివల్ల గ్రహించవచ్చు.

ఈ పరిశీలననంతా చరిత్ర రచనా పరిభాషలో ఇలా చెప్పవచ్చు. లేబులు, సంఖ్యలు, గాడి, దుకాణం ముద్ర చూసి ప్లేటు కాలాన్ని, మూలాన్ని నిర్ణయించడం బాహ్య విమర్శ. పాడినవారు ఎవరి కోసం, ఏ పరిమితులలో పాడారని ఆలోచించి భావాన్ని గ్రహించడం అంతర విమర్శ. ఈ రెండింటి మధ్య శబ్ద ఆధారానికి మాత్రమే అవసరమైన మెట్టు ఇంకొకటి ఉంది. అది పరికర పరీక్ష. దాన్ని దాటకుండా రాసిన నిర్ణయం, మసక అద్దంలోంచి చదివిన శాసన పాఠం వంటిది.

అయిజ ఇంట్లో మనం మొదలుపెట్టిన ప్లేటు దగ్గరకు తిరిగి వెళదాం. మీట తిప్పి 78 ముల్లు పెట్టారు. వేగాన్ని సంభాషణతోనూ హార్మోనియంతోనూ పోల్చి చూశారు. మోనో మీట వేశారు. చిటపటలు పూర్తిగా పోలేదు. కాని వాటి వెనక ఒక మనిషి గొంతు మనిషి గొంతులా వినిపిస్తోంది. ఇప్పుడు ఇంట్లోని పెద్దవారిని పిలిచి వినిపించండి. ఆ ప్లేటు ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఏ సందర్భాలలో వేసేవారు అని అడిగి రాసుకోండి. ప్లేటు ఇంకో నలభై ఏళ్ళు ఉండవచ్చు. దాని కథ తెలిసినవారు అంతకాలం ఉండరు.

1.8 సారాంశం

గ్రామఫోను రికార్డు యంత్రం ద్వారా మాత్రమే మాట్లాడే చారిత్రక ఆధారం. 1902 నుంచి మన దేశంలో రికార్డులు తయారైన తీరు, 1925, 1948, 1954 సంవత్సరాల సాంకేతిక మార్పులు తెలిస్తే వేగం, ముల్లు, శబ్దస్థాయి లోపాలను గుర్తించడం తేలికవుతుంది. లోపం ప్లేటుదా, ప్లేయరుదా, రికార్డు చేసిన పద్ధతిదా అని విడదీయాలి. మొదటి రెండింటిని వీలైనంత సరిచేయాలి. మూడోదాన్ని అర్థం చేసుకుని నిర్ణయంలో పేర్కొనాలి.

1.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గ్రామఫోను రికార్డును చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు పరికర పరీక్ష ఎందుకు అవసరమో ఉదాహరణలతో వివరించండి.
2. రికార్డు నిడివి, వేగం, రికార్డింగు పద్ధతి పద్య నాటక గానం గురించి మన అవగాహనను ఎలా ప్రభావితం చేస్తాయి?

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 78 ప్లేటుకు, ఎల్.పి.కి వేరు వేరు ముళ్ళు ఎందుకు కావాలి?
2. అమెరికా నుంచి తెచ్చిన పాత ప్లేయరు మన దేశంలో ఎందుకు నెమ్మదిగా తిరుగుతుంది?

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊళ్ళో మైకుసెట్టు నడిపినవారిని గాని, పౌరాణిక నాటకాలలో వేషం కట్టినవారిని గాని ఒకరిని కలవండి. వారు ఏ రికార్డులు విని ఏ పద్యాలు నేర్చుకున్నారో అడిగి, వారి అనుమతితో రెండు పుటల నివేదిక రాయండి. రికార్డు వినగలిగితే, ఏ ప్లేయరు మీద, ఏ వేగంతో, ఏ ముల్లుతో విన్నారో నివేదిక మొదట్లోనే పేర్కొనండి.